కొండ అంచు మీది కేక

మా తెలుగు చర్చికి సొంత కట్టడం లేదు. మిషిగన్‌లోని నోవైలో ఒక అమెరికన్ చర్చివాళ్ళు తమ హాలును ఆదివారం మధ్యాహ్నాలు మాకు అద్దెకిస్తారు. ముందురోజు సాయంత్రం వెళ్ళి కుర్చీలు వేసి, మైకులు సరిచూసే పని నాది. మొదట్లో అది పనే. తర్వాత ఆ పని పేరు చెప్పి పాటలు వినడానికి వెళ్ళడం మొదలుపెట్టాను.

నెలకో శనివారం అదే హాల్లో కార్నిష్ పాటల బృందం చేరుతుంది. ఇంగ్లండ్‌కి పడమటి కొసన, సముద్రంలోకి పొడుచుకువెళ్ళిన కార్న్‌వాల్ వీళ్ళ తాతముత్తాతలది. అక్కణ్ణుంచి మిషిగన్ ఉత్తరాన ఉన్న రాగి గనుల్లో పనికి వచ్చారట. గనులు మూతపడ్డాక మనవలు కార్ల ఫ్యాక్టరీలకు దిగివచ్చారు. చేపలు పట్టినప్పటి పాటలు మాత్రం వెంట తెచ్చుకున్నారు. పుస్తకం ఉండదు, ముందు నిలబడి చేతులు ఊపేవాళ్ళు ఉండరు. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు తలో స్వరంలో కలుస్తారు. మొదటిసారి విన్నప్పుడు కుర్చీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒకావిడ నన్ను పిలిచి కూర్చోబెట్టి, మాంసం, బంగాళదుంప కూరిన పేస్టీ ఒకటి చేతిలో పెట్టి, "తిన్నాక పాడాలి మరి," అంది. అలా చేరాను.

చివరి పాట ఎప్పుడూ ఒక పెద్దాయనదే. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి, మితభాషి. లేచి నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని "హెవ్వా" అని కేక వేసేవాడు. చేపల గుంపు వచ్చిందని దాని అర్థం. పూర్వం వాళ్ళ తీరంలో కొండ అంచున ఒక మనిషి కాపలా ఉండేవాడట. కింద పడవల్లో ఉన్నవాళ్ళకు నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. పైనున్నవాడికి మన కవళ్ళలాంటి చేపలు గుంపుగా, ఎర్రటి నీడలా కదులుతూ కనబడేవి. అతను కేక వేసి, ఎటు తిరగాలో చేతులు ఊపి చూపేవాడు. ఈ పెద్దాయన ముత్తాత అలాంటి కాపలా మనిషి. పాట ఆ ఇంటిది.

నాకు ఆ పాట పిచ్చి పట్టుకుంది. ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ, అద్దాలు ఎత్తేసుకుని, కేకతో సహా సాధన చేసేదాన్ని. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్ళు వింతగా చూసినా మానలేదు. మా చర్చి క్వయర్‌లో నాది మంచి గొంతని పేరు. ఆ పేరు నా నెత్తికెక్కిందని అప్పుడు తెలియలేదు.

మొన్న చలికాలంలో ఒక శనివారం మంచు బాగా కురిసింది. పెద్దాయన రాలేదు. పాటలన్నీ అయిపోయాయి. హాలు ఖాళీ చేసే వేళ అవుతోంది. అందరూ తలుపు వైపు చూస్తూ ఊరికే కూర్చున్నారు. నేను ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. మాది బందరు దగ్గర తీరం. ఒడ్డు నుంచి వల లాగేటప్పుడు పాడేవాడికి ఊపిరి అందకపోతే పక్కవాడు అందుకుంటాడు, లేకపోతే తాడు సడలిపోతుంది. మా చర్చిలోనూ అంతే. పాట ఎత్తుకునేవాళ్ళు ఆలస్యమైతే గొంతున్నవాళ్ళు ఎత్తుకుంటారు, వచ్చినవాళ్ళు థాంక్స్ చెబుతారు. నేను లేచాను. చేతులు అడ్డం పెట్టుకుని కేక వేశాను.

ఒక్క క్షణం ఎవరూ కలవలేదు. తర్వాత, మొదలైన పాటను వదిలెయ్యలేక, ఒక్కొక్కరే కలిశారు. నేను కళ్ళు మూసుకుని పాడాను. తెరిచేసరికి పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు, టోపీ మీద మంచు అలాగే ఉంది. పాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. "బాగా పాడావు," అని చప్పట్లు కొట్టి, కోటైనా విప్పకుండా కూర్చున్నాడు.

కుర్చీలు సర్దుతుంటే పేస్టీ ఆవిడ నా పక్కకొచ్చింది. "నీకు తెలియదు, తప్పు మాదే, ముందే చెప్పాల్సింది," అని మొదలుపెట్టింది. వాళ్ళ బృందంలో ఎవరి పాట వాళ్ళదే. మనిషి తనంతట తాను ఇస్తే తప్ప ఇంకొకరు ఎత్తుకోరు. అతని ఎదురుగా ఇంకొకరు పాడుతుంటే, అతను ఆపకపోతే, ఇచ్చేసినట్టే లెక్క. కాపలా కేక ఒక్కడిదే కావాలి, ఇద్దరు కేకలేస్తే పడవలు ఎటు పోవాలి అంది. ఆపితే నా పరువు పోతుందని ఆయన ఆపలేదు.

ఇంటికొచ్చి ఏడ్చాను. "సారీ చెప్పేస్తే అయిపోతుందిగా, హెల్ప్ చేద్దామనే కదా నువ్వు పాడింది," అన్నారు మా వారు. నేను కూడా అందరికీ అదే చెప్పాను. అది సగమే నిజం. ఆ శనివారం తలుపు తెరుచుకోకూడదని నేను కోరుకున్నాను.

మర్నాడు చర్చి అయ్యాక పులిహోర కలిపి, మా ఇంట్లో ఉన్నవాటిలో మంచి గిన్నెలో పెట్టుకుని, పెద్దాయన ఇంటికి వెళ్ళాను. క్షమించమన్నాను. మీ పాట మీరు తీసేసుకోండి అన్నాను. ఆయన పులిహోర వాసన చూసి, గిన్నె మూత పెట్టి, నిదానంగా అన్నాడు. "ఈ గిన్నె కడిగి నీకు తిరిగి ఇస్తాను. పాట అలా కుదరదమ్మా." కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తర్వాతి నెల చివరి పాట వేళకు అందరూ నా వైపు తిరిగారు. మానేద్దామనుకున్నాను. ఇచ్చేసిన పాట ఆయన ఇక ఎత్తుకోడు, నేనూ మానేస్తే ఆయనకు ఆ పాట వినబడే చోటు కూడా ఉండదు. అందుకని లేచి, ఆయన శ్రుతిలో, అంత కిందనుంచి ఎత్తుకున్నాను. కేక గొంతులోంచి బయటికి రానేలేదు. రెండో చరణానికి నా మాటలు నాకే వినబడలేదు. కూర్చున్నచోటి నుంచే కలిసిన ఆయన గొంతే హాలంతా ఉంది. అదే కదా నేను కోరుకున్నది అనుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

పాట అయ్యాక ఆయన నా గిన్నె తెచ్చి చేతిలో పెట్టాడు. తళతళలాడేలా తోమి ఉంది.

"వచ్చే నెల నీ శ్రుతిలో ఎత్తుకో," అన్నాడు. "నా శ్రుతికి నీ కేక గుమ్మం కూడా దాటదు. నేను రాని రోజున వీళ్ళకు అది వినబడాలి."

ఆ పాట నాది కావాలని కారులో ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు నాదే. సాధన చేద్దామని నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నప్పుడల్లా, మంచు టోపీతో ఆ మనిషి గుమ్మంలోనే నిలబడి ఉంటాడు.