తొమ్మిదో దినం, గేటు బయట

ఈ మధ్య కిరాణా కొట్ల వాళ్ళు పంచే క్యాలెండర్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. మూడొంతులు దేవుడి బొమ్మ, మిగిలిన దాంట్లో సగం కొట్టు పేరు. తేదీలకు దక్కే జాగాలో చీమలు కూడా ఇరుకని కాపురం పెట్టవు. పోయిన వారం నేనూ మా ఆవిడా ఆ తేదీల్లో తలలు దూర్చి శ్రీశైలం పోవడానికి రోజులు వెతుకుతుంటే, ఎనభై దాటిన మా అమ్మ మంచం మీద నుంచే అడిగింది: "ఎన్నో దినం తిరిగొస్తరు?" అంతే, ఇద్దరం ఒకేసారి వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాం. మా ఇంట్లో ఆ ప్రశ్నకు అంత విలువ రావడం వెనక ఒక సైకిల్ ప్రయాణం ఉంది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు, మా బిడ్డ డిగ్రీ మొదటేడులో ఉండగా, మోత్కూర్ నుంచి ఆదిలాబాద్ అడవుల దాకా ముగ్గురం సైకిళ్ళ మీద పోయి రావాలని తీర్మానం చేసింది. మా ఇంట్లో ప్రజాస్వామ్యం ఉంది కాబట్టి నన్ను కూడా అడిగారు, తీర్మానం అయిపోయాక. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఎన్నో దండయాత్రలను కుర్చీలోంచి లేవకుండా నడిపించిన అనుభవం ఉంది. మా ఆవిడ బడిలో లెక్కల టీచర్. నలభై దాటాక సైకిల్ నేర్చుకుంది. ఆమె ఎడమ మోకాలు అప్పటికే మాట వినడం తగ్గించింది. బయల్దేరే పొద్దున అమ్మ చెక్క గారెల డబ్బా కోడలి చేతికిస్తూ, తీరిగ్గా, "ఆటోల దిగుతవ్ సూడు" అంది. మా ఆవిడ డబ్బా తీసుకుని నవ్వింది, మాట్లాడలేదు. లెక్కల టీచర్ మాట్లాడకపోతే క్లాసంతా జాగ్రత్తగా ఉండాలి. అమ్మ చూస్తుండగా మా గేటు ముందు తన సైకిల్ మీద నుంచే దిగాలి: ఆ క్షణం నుంచి ఆమె ప్రయాణానికి అదొక్కటే లక్ష్యం. దారిలో వచ్చే అడవులూ వాగులూ నాకూ మా బిడ్డకూ వదిలేసింది.

ఆ అడవులు మాత్రం వదులుకోదగ్గవి కావు. గోదావరి దాటి జన్నారం వైపు తిరిగేసరికి చలి మారిపోయింది. మా దిక్కు చలి చుట్టం లాంటిది, ఎండ రాగానే లేచి పోతుంది. అక్కడిది సొంతిల్లు ఉన్న చలి. పొద్దున హ్యాండిల్ పట్టుకుంటే వేళ్ళు మనవి కావు. టేకాకులు విస్తర్లంత, రాలి ఎండినవి చక్రం కింద అప్పడాల్లా విరిగేవి. పులి తిరిగే జాగా అని రాసిన బోర్డు కింద మేం గారెలు తిన్నాం. పులికి కూడా ఆ రోజు ఏదో పని ఉన్నట్టుంది. గూడేల ముందు వెదురు తడకల మీద ఎండ కాగుతున్న ముసలమ్మలు మా ఆవిడను ఆపి, ఆమెను ఇంత దూరం ఎవరు పంపారని అడిగేవారు. తానే వచ్చానంటే నమ్మేవారు కాదు, నా వైపు జాలిగా చూసేవారు. కెరమెరి ఘాట్ ఎక్కేటప్పుడు నేను సైకిల్‌ను నడిపించుకుంటూ పోయాను, ప్రకృతిని చూడటం కోసం. మా ఆవిడ దిగలేదు. పాము పాకినట్టు రోడ్డుకు ఆ అంచు నుంచి ఈ అంచుకు వంకర్లు తొక్కుతూ పైకి చేరింది.

రోజూ సాయంత్రం అమ్మ ఫోన్ చేసేది. ఏ ఊళ్ళో దిగారు, అడవి ఎట్లుంది, వాగులో నీళ్ళున్నాయా, అక్కడి వాళ్ళు రొట్టెలోకి ఏం నంజుకుంటారు, అన్నీ అడిగి, చివర్లో కోడలు ఆటో ఎక్కిందా అని వాకబు చేసేది. లేదని చెప్పగానే ఫోన్ పెట్టేసేది.

తిరుగు ప్రయాణంలో జనగామ దాటి, ఇల్లు ఇంకా ఐదారు కిలోమీటర్లు ఉందనగా, ఒక చాయ్ హోటల్ దగ్గర ఆగాం. పొద్దు వాలుతోంది. వస్తున్నామని అమ్మకు ఫోన్ చేశాను.

"ఇయ్యాల ఎన్నో దినం?" అంది అమ్మ.

బయల్దేరిన తొమ్మిదో రోజున తిరిగి ఇంట్లో అడుగు పెట్టకూడదన్నది మా దిక్కు పట్టింపు. ఎందుకో చెప్పగలిగినవాళ్ళు లేరు, తప్పినవాళ్ళూ లేరు. పంచర్ సామాను, గాలి పంపు, మూడు రకాల నొప్పుల మందులు గుర్తుపెట్టుకున్న మేము ఈ ఒక్కటి మరిచాం. లెక్కల టీచర్ వేళ్ళు మడిచింది, సరిగ్గా తొమ్మిది. బయల్దేరిన రోజును లెక్కలోంచి తీసేయవచ్చేమో అడగమంది. అమ్మ ఒప్పుకోలేదు. ఈ రాత్రికి అక్కడే ఎవరింట్లోనన్నా పడుకుని రేపు పొద్దున రమ్మంది.

మామూలుగా అయితే అది పెద్ద కష్టం కాదు. కానీ మా ఆవిడ ఎడమ మోకాలు మూడు రోజులుగా కొబ్బరికాయలా ఉబ్బి ఉంది. తొక్కుతున్నంతసేపు వేడి మీద పనిచేస్తుంది, ఒక రాత్రి ఆగితే తెల్లారి అసలు మడత పడదు. ఆ పొద్దున దాన్ని వంచడానికి వేడి నీళ్ళ గుడ్డలతో ఇద్దరం పట్టాల్సి వచ్చింది. మా ఆవిడ చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు దిగిన్నంటె రేపు ఎక్క" అంది. అంటే రేపు ఆటోనే. వందల కిలోమీటర్లు తొక్కి, చివరి ఐదు కిలోమీటర్ల దగ్గర అమ్మ మాట నిజమవుతుంది. నేను ఏదో సర్దిచెప్పబోయి, ఆమె చూపు చూసి చాయ్ మీద దృష్టి పెట్టాను.

మా బిడ్డ నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది. "అవ్వా, ఇల్లు జొరొద్దు గని, వాడకట్టు జొరొద్దని ఉన్నదా?"

అమ్మ జవాబు ఫోన్లోంచి నాకూ వినబడింది. "సడక్ సర్కారుది. దానికి నేనేం జెప్త."

ఆ ఐదు కిలోమీటర్లలో నేను, మా బిడ్డ మా ఆవిడను దాటి ముందుకు పోలేదు. ఆమె కుడికాలే ఎక్కువ తొక్కుతోంది, ఎడమకాలు దాని వెంట తిరుగుతోంది. మా గల్లీ మలుపు తిరిగేసరికి వాడకట్టంతా బయటే ఉంది. ఎదురింటి వదిన అరుగు మీద మాకు పరుపులు కూడా వేసేసింది. అమ్మ గడప లోపల నిలబడి ఉంది. మా ఆవిడ తిన్నగా పోయి ముందు చక్రాన్ని గేటుకు ఆనించి, కుడికాలు నేల మీద పెట్టి, అత్తను చూసింది. అమ్మ మా వెనక రోడ్డు దాకా చూసింది. ఆటో ఏదీ లేదు.

మేం లోపలికి రాకూడదు గానీ, ఆమె బయటికి రాకూడదని ఎక్కడా లేదు. అమ్మ గేటు తీసుకుని, ఒక చేత్తో ప్లాస్టిక్ కుర్చీ, ఇంకో చేత్తో కాచిన ఆముదం గిన్నె పట్టుకుని వచ్చింది. కోడలిని కుర్చీలో కూర్చోబెట్టి, తాను రోడ్డు మీదే చతికిలబడి, ఆ మోకాలును ఒళ్ళో పెట్టుకుని రుద్దసాగింది. ఇద్దరినీ నవ్విద్దామని, "అమ్మా, వచ్చేసారి నువ్వు సుత రా, నీకొక సైకిల్ కొందం" అన్నాను.

అమ్మ తల ఎత్తలేదు, రుద్దడం ఆపలేదు.

"నా మోకాళ్ళు మంచిగున్ననాడు నన్నెవ్వలడిగిన్రు?"