యోబు మాస్టారి యుద్ధవిమానం

బాపట్లలో లెక్కలు చెప్పే యోబు మాస్టారిది ఆ వీధిలో మొదటి కంప్యూటర్. బడి నుంచి రాగానే దాని ముందు కూర్చుంటారు. ఆడే ఆట ఒక్కటే, యుద్ధవిమానం నడపడం. సోడాబుడ్డి కళ్ళద్దాలు తెరకు తగిలేంతగా ముందుకు వంగి, శత్రువిమానం తప్పించుకున్నప్పుడల్లా "దొంగ వెధవా!" అంటూ కీబోర్డును గుద్దుతారు. పిలిస్తే పలకరు. పక్కన పెట్టిన టీ చల్లారిపోతే మాత్రం భార్య సుందరమ్మ మీద విరుచుకుపడతారు.

మొన్న సాయంత్రం సూర్యలంక వైపు నుంచి నిజం యుద్ధవిమానమే ఇళ్ళ మీదుగా ఉరుముతూ పోయింది. వంటింట్లో గిన్నెలు మోగాయి. వీధిలో జనమంతా డాబాలెక్కారు.

"రండి, చూద్దురుగాని! మళ్ళీ ఇటే తిరిగొస్తోందంట," అని మెట్ల మీద నుంచి పిలిచింది సుందరమ్మ.

ఆయన కదల్లేదు. తెర మీద ఆయన విమానం అప్పుడే సముద్రంలో కూలింది.

"చూసేదేంటే? ఎయిర్‌ఫోర్సు సెలక్షన్లో నా కళ్ళు పనికిరావని వెళ్ళగొట్టారు. ఇప్పుడు నేను నోరు తెరుచుకుని వాళ్ళ విమానం చూడాలా?" అని అరిచారు.

ఇన్నేళ్ళ కాపురంలో సుందరమ్మ ఆ సంగతి వినడం అదే మొదలు.

"ఎప్పుడండీ?" అంది మెల్లగా.

ఆయన ఆట మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. తిరిగొస్తున్న విమానం చప్పుడు చెవిన పడగానే, అది వినపడకుండా స్పీకర్ల మోత పూర్తిగా పెంచారు.