మిక్సింగ్ మహేశ్వర్ పోగొట్టిన పాట

హుజూర్‌నగర్‌లో పెళ్లి వీడియో అంటే మిక్సింగ్ మహేశ్వరే. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి కంప్యూటర్ పట్టాడు. ఓపిక మాత్రం కాపరిదే. ఒక్క చుట్టమూ తప్పిపోకుండా అన్ని మొహాలనూ వీడియోలోకి తోలుకొచ్చేవాడు.

అతని కంప్యూటరే ముసలిది. చిన్న డిస్కులో పెళ్లి పట్టక, తలంబ్రాలు ఒకచోట, అప్పగింతలు ఒకచోట దాచి దాచి విసిగిపోయి, 2005 ఎండాకాలంలో నూట అరవై జీబీల డిస్కు కొన్నాడు. పాత మిషన్ దాన్ని పూర్తిగా చూపించలేదు. కోదాడలో సతీష్ షాపుకు తీసుకెళ్లి, కొత్త మిషన్ మీద మొత్తం ఒకే భాగంగా చేయించుకొచ్చాడు.

"మీ పాతదానికి నూట ముప్పై ఏడు జీబీ దాకే కనపడుద్ది మహేశన్నా. నిండనివ్వకండి," అన్నాడు సతీష్. కొత్త వస్తువు చేతికొచ్చినవాడికి జాగ్రత్తలు చెవికెక్కుతాయా!

అందులోకి మొదట ఎక్కించింది తార పెళ్లి. పాలకీడు దగ్గరి తండా పిల్ల. మేళ్లచెరువులో లారీ డ్రైవర్‌కు ఇచ్చారు. అందరూ పూలు రాలే గ్రాఫిక్స్ అడుగుతారు. తార అడిగింది వేరు. లంబాడీల పెళ్లిలో బిడ్డను పంపేటప్పుడు తల్లీబిడ్డా మెడలు పట్టుకుని, 'ఢావ్లో' అనే అప్పగింతల పాట పాడుతూ ఏడుస్తారు.

"అమ్మ నా చెవుల ఏమేమో పాడిందన్నా. నా ఏడుపుల నాకేం ఇనబడలే. అది కోయకు, నేను ఇనాలె," అంది. తర్వాత మేళ్లచెరువు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, గొంతు తగ్గించి, అయిందా అని అదే అడిగేది.

మహేశ్వర్ కోయలేదు. ఆ పెళ్లి తీసిన కెమెరా క్యాసెట్ మీద మాత్రం, ఎప్పటి అలవాటు ప్రకారం, మరో పెళ్లి తీసేశాడు. లగ్నాలు ముమ్మరమై డిస్కు నిండింది. హద్దు దాటగానే ఆ ముసలి మిషన్ మళ్లీ డిస్కు మొదటికొచ్చి పాతవాటి మీదే రాసింది. తెరిచి చూస్తే తార పెళ్లి లేదు. సతీష్ కూడా చేతులెత్తేశాడు.

ఫోనులో చెప్పి వదిలించుకోవచ్చు. పాపం, మహేశ్వర్‌కు అది చేతకాలేదు. తార పుట్టింటికి వచ్చిందని తెలిసి తండాకు వెళ్లాడు.

"అంత ఖతమైందమ్మా. మళ్ల పాడుండ్రి, పైసల్లేకుండ ఊకెనే తీసిస్త," అన్నాడు తలొంచుకుని.

"గట్లెట్ల వస్తది కొడుకా? బిడ్డ పోతుంటె వచ్చే పాట గది," అంది తల్లి లక్ష్మీబాయి.

తార కోప్పడలేదు. "పాడకు. ఏం పాడినవో మాటల్ల చెప్పు," అంది.

లక్ష్మీబాయి కొంగు సర్దుకుంది. "ఏమున్నది బిడ్డా. గాడ మంచిగ సూడకుంటె వాపస్ రా, నీ కంచం గీడ్నే ఉంటది అన్న."

తార తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. ఇన్నాళ్లూ ఈ మాట తెలియకుండా ఆ పిల్ల ఎంత ఓర్చుకుందో!

"మంచిగ సూస్తలేరే అమ్మా," అంది.

తారను తీసుకెళ్లడానికి అత్తింటివాళ్లు మాట్లాడిన ఆటో అప్పుడే వచ్చి బయట హారన్ కొట్టింది. తల్లీబిడ్డల్లో ఎవరూ కదల్లేదు. మహేశ్వరే లేచి వెళ్లి దాన్ని పంపించేశాడు.