ఖాళీ గొట్టంలో పడిన చుక్క

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అయినా ఇది రాయక తప్పడం లేదు.

జిలానీ, నేను తిరుపతిలో ఒకే ల్యాబులో పరిశోధన చేసేవాళ్ళం. పొడిని గోరంత పింగాణీ గొట్టంలో కూరి, పెద్ద అయస్కాంతంలో పెట్టి గిరగిరా తిప్పుతాం. అందులో కార్బన్, నైట్రోజన్ పరమాణువులు పక్కపక్కన ఉంటే తెర మీది పటంలో చుక్క పడుతుంది. దూరంగా ఉంటే పడదు.

జిలానీకి ఎవరూ ఊహించని చోట చుక్క పడింది. "రెండూ ఒకే గోడకి రెండిండ్లప్పా. కాదన్నోడిని నా కాడికి పంపు" అని నవ్వేవాడు. మళ్ళీ చేసి చూపించేలోగా పలమనేరు దారిలో బైకు ప్రమాదంలో పోయాడు.

పోయిన మూడోనాడు చేసే ప్రార్థనలకు, అంటే జియారత్‌కు చిత్తూరులో వాళ్ళింటికి వెళ్ళాం. ఆ చుక్క జిలానీ కల్పించిందని మా పరిశోధన గైడు, జిలానీ నాయన ముందే అన్నాడు. టీ గ్లాసు అడుగున మిగిలిన చక్కెరను వేలితో తీసి నాకుతూ అన్నాడు.

పెద్దాయన వాకిలి దాకా వచ్చి నన్నడిగాడు: "నువ్వు చెప్పు నాయనా, మావోడు అబద్ధం చెప్పినాడా?"

జిలానీ మిగిల్చిన పొడి ఒక్క గొట్టానికి సరిపోయింది. గొట్టాలన్నీ ఒకేలా ఉంటాయి. తిరిగే వేగం తెలియడానికి అన్నిటికీ అడుగున సగం నల్ల మార్కరు పూస్తాం. గొట్టాన్ని అయస్కాంతంలో పెట్టి నాలుగు రోజులు నడిపాను. ఐదో రోజు పొద్దున చుక్క కనిపించింది, జిలానీ చెప్పిన చోటే. చూడగానే గైడు పేపరు రాయమన్నాడు.

మధ్యాహ్నం గొట్టం బయటికి తీస్తే ఖాళీగా ఉంది. పొడి కూరినది గొట్టాల డబ్బాలోనే ఉంది, పొరపాటున దాని బదులు ఖాళీది పెట్టాను. ఈ ఖాళీది ఆ వారమే ప్యాకెట్టు చించి తీసిన కొత్తది. మూత తీసి చూశాను. తూచాను. ఏమీ లేదు. పొడి ఉన్నదాన్ని నడిపితే చుక్క రాలేదు. తేమ పట్టి పాడై ఉండవచ్చు. ఖాళీదాన్ని మళ్ళీ నడిపాను. దాంట్లోనూ రాలేదు.

గైడుకు చెప్పాను. పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు. "వచ్చింది గదా, ఇంకేం గావాలబ్బా? ఖాళీదని సచ్చినోడు వచ్చి చెప్తాడా?"

పేపరు అచ్చయింది. మొదట ఆయన పేరు, తర్వాత నాది. నేను కాదనలేదు.

ఒక ప్రతి తీసుకుని చిత్తూరు వెళ్ళి, మీ అబ్బాయి చెప్పింది నిజమేనన్నాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ అంతా వెతికి, "మావోడి పేరు యాడుండాది?" అన్నాడు. చివరి పేజీ తిప్పి కృతజ్ఞతల్లో మూడో వరుస చూపించాను. ఆయన ఆ కాగితం కళ్ళకద్దుకున్నాడు. నా మీద నాకే రోత పుట్టింది.

ఏమీ లేని గొట్టంలో ఆ చుక్క ఎలా పడిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియదన్న మాట ఆ పెద్దాయనకు చెప్పాల్సింది. చెప్పలేదు.