రెండు కాపలాల మంత్రి

ఆ రోజుల్లో నాకు అక్షరాలు రావు గానీ చదరంగం వచ్చు. (పలక పట్టింది మీసం నెరిశాక.) ఊళ్లలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. సారపాక కాగితం మిల్లు ముందు వెదురు లారీలు పొద్దంతా లైను కట్టి నిలబడేవి. మా అక్క మొగుడు డ్రైవరు, నేను ఆ లారీ మీద కూలీని. బండి నీడన పరిచిన గోనెసంచే నా బడి.

ఆ రోజు చర్ల అవతల మా ఊళ్లో చిక్కుడు పండుగ. కొత్త కాయ వేల్పులకు పెట్టందే ఎవరూ నోట పెట్టరు. మా అమ్మది ఇంకో పట్టు, పెద్దకొడుకుని నేను గడప తొక్కందే చిక్కుడు పొయ్యి ఎక్కదు. సరుకు దించి పొద్దుగూకేలోగా చేరకపోతే ఇల్లంతా పస్తే. మా ముందు లారీ డ్రైవరుని అందరూ మంత్రిగారు అనేవారు. ఆటలో మంత్రిని తప్ప ఇంకో పావుని నమ్మడు మరి. నా గోడు విని నవ్వాడు.

“నన్ను ఓడగొట్టు తమ్మీ, నీ బండి నా ముందు పోనిస్త.”

బావ అన్నం తినడానికి పోతూ వేలు చూపించాడు. “లైను కదిల్తే జల్దీ పిలువురా. ఆటల పడి మర్వకు.”

“అవ్ బావా, ఒక కన్ను అటే ఉంటది.”

మంత్రిగారి రాజు వెనక వరసలో నక్కాడు. ఆ వరసకు కాపలా ఒక ఒంటె, ఒక మంత్రి. మంత్రికి అది చాలదని, ముందుకు పోయిన తన ఏనుగుని కాసే బరువు కూడా పెట్టాడు. ముందుగా ఆ ఒంటె దారికి అడ్డంగా, బంటు అండ చూసుకుని నా గుర్రాన్ని నిలబెట్టాను.

“ఏందిది, గుర్రాన్ని గడ్డికి ఇడిసినవా?” అంటూ ఆయన అవతల నా బంటునొకదాన్ని తిన్నాడు.

నా ఏనుగుతో ఆయన ఏనుగుని కొట్టాను. పౌరుషానికి మంత్రి వచ్చి నా ఏనుగుని తినేసింది. వెనక వరస ఖాళీ! రెండో ఏనుగుని దించాను.

“రాజు కట్టు! ఒక్కదానికి రెండు పనులు చెప్తే గిట్లనే అయితదన్నా!” అని గోనె మీద లేచి గంతులేశాను.

“గంతులు సాలు గాని, లైనేదిరా?”

బావ గొంతు. తలెత్తి చూస్తే ముందు లైను ఎప్పుడో కదిలిపోయింది. మాకూ మిల్లు గేటుకూ నడుమ జామాయిల్ కర్ర లారీలు వరసగా అడ్డం దూరి ఉన్నాయి, అచ్చం నా గుర్రంలా.

“ఒక్కదానికి రెండు పనులు చెప్పొద్దంటివి,” అన్నాడు బావ. “నీకు నేను చెప్పిన సూడు, నాది బుద్ధి తక్కువ.”

మంత్రిగారు మాట తప్పలేదు, తన ముందు మా బండిని పోనిచ్చాడు. అయినా ఊరు చేరేసరికి తెల్లారింది. చల్లటి పొయ్యి ముందు అమ్మ కూర్చుని ఉంది, చాటలో చిక్కుళ్లు అలాగే ఉన్నాయి. తల దించుకుని కథంతా చెప్పాను.

“గెల్సినవా మరి?”

“గెల్సిన.”

“అయితే అగ్గి రాజెయ్. కడుపులు కాలుతున్నయ్.”

ఇప్పుడు చిక్కుడు పొయ్యి మీద పెట్టి చూస్తుండమని నా భార్య పొరుగింటికి వెళ్లింది. ఇటు ఈ రాత, అటు ఆ కూర. మాడు వాసన వస్తోంది. ఇంకొక్క వాక్యమే కదా అని కూర్చున్నాను.