మేడం ఉతికించిన గొంగడి

పద్మారాణి మేడం తత్వశాస్త్రం చదివారు. తాండూరులో నర్సింగ్ పిల్లలకు నీతిశాస్త్రం చెప్పేవారు. ఏ ఇంటి రోగికి ఏ ఆచారం ఉంటుందో తెలుసుకొని మెలగడం నేర్పేవారు. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిన నేను ఆ కాలేజీలోనే ఊడ్చేదాన్ని. ఆమె క్లాసు ఉన్న రోజు వరండా రెండుసార్లు తుడిచేదాన్ని.

ఒక వానాకాలం, పెద్దేముల్ దగ్గర గొర్లు కాసే మా తాత బిచ్చయ్య కాలికి షుగరు పుండై కాలేజీ పక్క దవాఖానలో చేరాడు. మంచం మీద కూడా గొంగడి వదల్లేదు. మేడంతో వార్డుకు వచ్చిన నర్సింగ్ పిల్లలు వాసనకు ముక్కు మూసుకుంటే ఆమె కసిరారు. తాత నిద్రపోయాక, మేలు చేద్దామని, దాన్ని వేడినీళ్లలో సబ్బుపొడి వేసి ఉతికించారు. వేడికి ఉన్ని ముడుచుకుంటుందనీ, పట్టించిన చింతగింజల గంజి పోతే వాననీళ్లు లోపలికి దిగుతాయనీ నాకు తెలుసు. చెప్పే ధైర్యం లేక బకెట్ పక్కనే నిలబడ్డాను.

తాత లేచి కప్పుకుంటే అది మోకాళ్లు దాటలేదు.

"గిదేంది, గొర్రెపిల్లకు కప్పనీకె చేసిండ్రా?" అన్నాడు. కట్టు కట్టించుకోకుండానే ఆటో ఎక్కి ఇంటికి పోయాడు. కట్టు లేకుండా వారం దాటితే పాదం తీసేయాల్సి వస్తుందన్నారు డాక్టరు.

మర్నాడు మేడం నాతో షేర్ ఆటోలో మా ఇంటికొచ్చారు. తప్పయిందన్నారు. కొత్తది కొనిస్తానన్నారు.

"కొత్తదెందుకు? దీనికే గంజి పెట్టు. వస్తదా?"

"రాదు తాతా. నేర్పిస్తవా?"

"గంత చదువు చదివినవంట, గిది రాదా!" అని తాత నవ్వాడు.

మేడం చింతగింజలు వేయించి పొట్టు తీశారు. నేను విసుర్రాయిలో విసిరాను. తాత మంచం మీద నుంచి తిడుతూ చెబుతుంటే గొంగడిని లాగి పరిచి గంజి పూశారు. కుచ్చిళ్ల నిండా అదే.

"ఇగ పా, కట్టు కట్టిద్దువు గాని," అని తాతే ముందు లేచాడు. బొటనవేలు పోయింది కానీ పాదం నిలిచింది.

అప్పటి నుంచి ఏటా మొదటి క్లాసులో మేడం ఈ తప్పే చెప్పేవారు. నాకు ముందే తెలుసని ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది. మేడం చాక్‌పీసు కింద పెట్టారు.

"నువ్వు అక్కడ్నే ఉన్నవు కద. నిన్ను గూడ అడుగలే నేను," అన్నారు. మరుసటి ఏడు ఆ మాట కూడా క్లాసులో చెప్పారు.

నిరుడు మేడం రిటైరయ్యారు. తాత అంతకుముందే పోయాడు. గొంగడి నా దగ్గరుంది. వానలకు ముందు పాత గంజి గీకి కొత్తది పెడతాను. ఆమె పూసిన చోట ఇంకా ఉండలు ఉండలుగా చేతికి తగులుతుంది. అక్కడ మాత్రం గీకను.