గాలి చొరని ఇనుప పెట్టె

ముత్యాలు ఏ వస్తువు కొన్నా ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. టార్చిలైటు, తాళంకప్ప, గొడ్డలి, ఏదైనా సరే. పెళ్లిచూపుల నాడు తమ ఇంట్లో ఇచ్చిన చాయ్ గ్లాసును కూడా తూచి చూశాడని భార్య బతుకమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. బరువున్నదే నమ్మదగ్గది. ఈ సిద్ధాంతం అతనికి బొగ్గుబాయిలో అబ్బింది. భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్‌గా ఉద్యోగకాలమంతా గడిపి, రిటైరయ్యాక టేకులపల్లిలో రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నాడు.

గనిలో ఎలక్ట్రీషియన్ పని విచిత్రమైనది. బాగా చేస్తే ఏమీ జరగదు. అక్కడి గాలిలో మండే గ్యాసు ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ బయటపడితే షిఫ్టుకు షిఫ్టే పోతుంది. అందుకే నేలకింద కరెంటు మీట ఉన్న ప్రతిచోటా మందపాటి ఇనుప పెట్టె బిగిస్తారు. దాని బోల్టులు మామూలు పానాకు లొంగవు. వాటికి వేరే పానా ఉంటుంది. అది ఎలక్ట్రీషియన్ మొలలోనే ఉంటుంది, ఇంకొకరి చేతికి పోదు. మూసినవాడే తెరవాలి. ముత్యాలు చేతి మీదుగా ఏనాడూ ఒక్క నిప్పురవ్వ బయటికి రాలేదు. ఇది నిజం. మనుషుల్ని అబద్ధాలే చెడగొడతాయని అనుకుంటాం గానీ, ఇట్లాంటి నిజాలు చేసే చెరుపూ తక్కువేం కాదు.

అతని కూతురు శోభారాణి డిగ్రీ అయ్యాక హైదరాబాదులో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ నేర్చుకుని వచ్చింది. విదేశీ డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలను విని, తప్పుల్లేకుండా టైపు చేసి తిరిగి పంపే పని అది. ఆ రోజుల్లో మంచి గిరాకీ ఉండేది. 2007లో ఊళ్లోకి బ్రాడ్‌బ్యాండ్ రాగానే ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టింది. పక్క తండా నుంచి పుష్ప రోజూ సైకిల్ మీద వచ్చి రెండో కంప్యూటర్ ముందు కూచునేది. హైదరాబాదు కంపెనీ పంపే ఫైళ్లను ఇద్దరూ పంచుకునేవారు. అయితే మోడెమ్‌కు తీగ పెట్టే రంధ్రం ఒక్కటే. ఒకరు పంపుతుంటే రెండో మనిషి చేతులు ముడుచుకు కూచోవాలి. అందుకని స్విచ్చు కావలసి వచ్చింది. గోడ మీది మీట కాదు. ఒక ఇంటర్నెట్ కనెక్షన్‌ను నాలుగైదు కంప్యూటర్లకు పంచే చిన్న డబ్బా.

ఏది కొనాలో శోభారాణికి తెలుసు. ఖమ్మంలో ప్రేమ్‌సాగర్ అనే అతని కంప్యూటర్ షాపుకు తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లింది. అడగ్గానే అతను ఐదు రంధ్రాలున్న ప్లాస్టిక్ స్విచ్చు కౌంటర్ మీద పెట్టాడు. పక్కలకు గాలి ఆడడానికి సన్నని చీలికలున్నాయి.

"ఇదే కావాలె," అంది శోభారాణి.

ముత్యాలు దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. "ఇదేంది బిడ్డా, సబ్బుపెట్టె లెక్కున్నది. లోపల ఏమన్న ఉన్నదా, ఉత్తదేనా?"

"చిన్న బోర్డు ఉంటది నాయినా. ఎక్కువ వేడెక్కదు, సప్పుడు చెయ్యదు. మాకిది చాలు."

"బలమైంది ఏం లేదా సేటూ?"

ప్రేమ్‌సాగర్ వ్యాపారి. డబ్బు సంచీ ఎవరి చేతిలో ఉందో చూసి మాట్లాడతాడు. లోపలికి పోయి, మూతబడిన ఏదో ఆఫీసు నుంచి వచ్చిన పాత స్విచ్చు మోసుకొచ్చాడు. ఇనుప తొడుగు, పదహారు రంధ్రాలు, వెనక ఫ్యాను. పెడితే కౌంటర్ అద్దం కిర్రుమంది.

"పెద్ద ఆఫీసులల్ల వాడింది పెద్దాయనా. కింద పడ్డా నేలకే దెబ్బ."

"ఇగో, ఇది సామానంటే," అన్నాడు ముత్యాలు.

"పదహారు ఎవలకు నాయినా? మనింట్ల ఉన్నయే రెండు."

"రేపు మూడైతయ్, ఎల్లుండి పదైతయ్."

"అది పాతది. మస్తు వేడి పుడతది. ఫ్యాను పెట్టిన్రంటేనే తెలుస్తలేదా?"

"నువ్వు ఊకో బిడ్డా. కరెంటు సామాను గురించి నాకే చెప్తవా?"

అంతటితో బేరం కుదిరిపోయింది. కరెంటు గురించి అతనికి తెలుసు, కాదనలేం. ఆ డబ్బా మీద రోజంతా ఆధారపడి బతకబోయేది ఎవరన్నదే అక్కడ ఎవరికీ పట్టలేదు. కూతురి చదువును ఊరంతా చెప్పుకుని మురిసే తండ్రి, ఆ చదువుతో ఆమె సబ్బుపెట్టెంత వస్తువును ఎంచుకుంటే ఓర్వలేకపోయాడు. శోభారాణి ఆ ఇనుప స్విచ్చును ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇల్లు చేరింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటి ముందు రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుతాయి. కిటికీ తెరిస్తే నల్లటి దుమ్ము. దుమ్ము, బల్లులు, వైర్లు, వీటి మధ్య స్విచ్చును ఉత్త టేబుల్ మీద పెట్టడం ముత్యాలు వల్ల కాలేదు. ఇల్లందు పోయి వెల్డింగు షాపులో దగ్గరుండి ఇనుప పెట్టె చేయించాడు. మూతకు రబ్బరు పట్టీ, తీగలు దూరే చోట గట్టి లప్పం, చుట్టూ గనిలో వాడే తరహా బోల్టులు. స్విచ్చునూ మోడెమ్‌నూ రెండింటినీ అందులో పెట్టి, ముందుగది గోడకు బిగించాడు. పానా మొలతాడుకు కట్టుకున్నాడు.

"నాయినా, దానికి గాలి కావాలె," అంది శోభారాణి.

"చిల్లులున్న పెట్టెను నేను ఎన్నడన్న బాయిలకు దించిన్నా?"

"ఇది బాయి కాదు నాయినా. మన ముందర్ర."

"ముందర్రల దుమ్ము లేదా?"

గనిలో అతనితో పనిచేసిన పగిడయ్య పొద్దున చాయ్‌కి వచ్చి ఆ పెట్టె చుట్టూ ఒక చూపు తిప్పాడు. "ముత్యాలన్నా, ఇంటర్నెట్టు ఏమన్న పారిపోతదా ఏంది, గింత బందోబస్తు?"

"నీ అసొంటోల్లు వస్తరనే," అన్నాడు ముత్యాలు. అందరూ నవ్వారు. శోభారాణి కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత మళ్లీ అడ్డు చెప్పడం కుదరని పనైపోయింది. ఇళ్లల్లో చాలా నిర్ణయాలు ఇట్లాగే ఖాయమవుతాయి.

చలికాలమంతా పెట్టె బాగానే పనిచేసింది. శోభారాణి, పుష్ప ఎంత శుభ్రంగా పనిచేశారంటే, వేసవి మొదట్లో హైదరాబాదు కంపెనీ వాళ్లు ఫోను చేసి కొత్త మాట చెప్పారు. ఇన్నాళ్లూ ముక్కలుగా ఇస్తున్న పని కాకుండా ఒక ఆసుపత్రి పనంతా వీళ్లకే ఇస్తారు. షరతు ఒకటే. మే నెలాఖరు దాకా ఒక్క ఫైలు కూడా ఆలస్యం కాకూడదు. నెగ్గితే ముందుగదికి బోర్డు కట్టవచ్చు. పుష్ప తండా నుంచి ఇంకో ఇద్దరు పిల్లలకు పని నేర్పవచ్చు. శోభారాణి బోర్డుకు పేరు ఆలోచించడం మొదలుపెట్టింది. పుష్ప రోజుకో పేరు చెప్పి నవ్వించేది.

మే నెలలో అక్కడి ఎండ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నమయ్యేసరికి ఇంటర్నెట్ కునికేది. పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. శోభారాణి తడిగుడ్డ పిండి మూత మీద పరిచింది. ముత్యాలు వచ్చి గుడ్డ లాగిపారేశాడు.

"కరెంటు పెట్టె మీద నీళ్లా? సదువుకున్నోల్లేనా మీరు?"

"కాకా, ఎండకు నువ్వు అంగీ ఇప్పినవ్," అంది పుష్ప. "పాపం దానికి గా ఉక్కు అంగీ ఎందుకు? చెమటకాయలు లేస్తయ్."

"నీకు నోరెక్కువైంది పిల్లా," అన్నాడు గానీ, కోపం లేదు. పుష్పంటే అతనికి ముద్దే. ఇద్దరు ఆడపిల్లలు తన ఇంట్లో కూచుని సంపాదిస్తున్నారని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వచ్చినవాళ్లకు పెట్టెనూ చూపించేవాడు.

గడువు ఇంకా ముగియకముందే పగిడయ్య కొడుకు పెళ్లి వచ్చిపడింది. పిల్లది దుమ్ముగూడెం దగ్గరి ఊరు. ముత్యాలు తెల్లచొక్కా వేసుకుని పెళ్లివారి వ్యాను ఎక్కబోతుంటే శోభారాణి గడప దాకా వచ్చింది.

"నాయినా, ఆ పానా ఇంట్ల పెట్టిపో. ఇయ్యాల ఫైళ్లు మస్తున్నయ్. ఏమన్నయితే ఇప్పి చూసుకుంట."

"నేను లేంది దాన్ని ముట్టొద్దు. షాకు కొడితే ఎవలు జవాబు?"

"మెయిను బందుజేసే ఇప్పుత."

"పొద్దుమూకేసరికి వస్త గదా," అని వ్యాను ఎక్కాడు.

ఆమె ఇంకో మాట అనలేదు. ఆ ఇంకో మాట అనకపోవడం గురించి ఆమె తర్వాత చాలా కాలం బాధపడింది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇంటర్నెట్ ఆగిపోయింది. మెయిను ఆపి, చల్లబడనిచ్చి, మళ్లీ వేశారు. కాసేపు నడిచి మళ్లీ పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వేసినా ఉలుకూ పలుకూ లేదు. పెట్టెకు కిటికీ లేదు కాబట్టి లోపల దీపాలు వెలుగుతున్నాయో లేదో కూడా కనిపించదు. మోడెమ్ కూడా లోపలే ఉండడంతో కనీసం ఒక కంప్యూటర్‌కైనా నేరుగా తీగ పెట్టుకునే వీల్లేదు. పుష్ప తన సెల్లు నుంచి, ముత్యాలు వెంట ఉన్న పగిడయ్యకు ఫోను చేసింది. గోదావరి వెంట భద్రాచలం దాటిపోతే అప్పట్లో సిగ్నల్ ఉండేది కాదు.

"అక్కా, గడ్డపార తెస్త," అంది పుష్ప. "రెండు దెబ్బలేస్తే మూత ఊడొస్తది."

శోభారాణి పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. వంటింట్లోంచి బతుకమ్మ వచ్చింది.

"వద్దు బిడ్డా. మీ నాయిన పానం పెట్టి చేయించుకున్నడు. మనసు నొచ్చుకుంటడు."

మనసు నొచ్చుకోవడం. మన ఇళ్లకు ఇంతకంటే గట్టి చట్టం లేదు. ఒక మనసు నొచ్చుకోకుండా ఉండడానికి ఎన్ని పనులు చెడిపోయాయో ఎవరూ లెక్క రాయరు. బతుకమ్మ చెడ్డది కాదు. ఆ మాట తప్ప ఇంకో మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. శోభారాణి అన్నీ తెలిసినదే. అయినా గడ్డపార వద్దంది.

టైపు అయిన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇద్దరూ ఇల్లందు బస్సెక్కారు. అక్కడి ఇంటర్నెట్ సెంటరులో కరెంటు లేదు. వేసవి కోత. సెంటరు మెట్ల మీద చేతిరుమాళ్లు విసురుకుంటూ కూచున్నారు. కరెంటు వచ్చాక ఫైళ్లు పంపారు. అప్పటికి గడువు దాటింది. ఇంకా దించుకోవలసిన రికార్డింగులను కంపెనీ వాళ్లు అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు.

పెళ్లిలో వ్యాను చెడి ముత్యాలు మర్నాడు గానీ రాలేదు. విషయం విని చొక్కా కూడా మార్చుకోకుండా మొలలోంచి పానా తీశాడు. మూత తీయగానే మాడిన వాసన గదంతా నిండింది. స్విచ్చు ఫ్యాను బిగుసుకుపోయి ఉంది. మోడెమ్ ప్లాస్టిక్ ఒక పక్కకు వంగిపోయింది.

"ఓల్టేజి ఎక్కువొచ్చినట్టున్నది," అన్నాడు.

"అయ్యుంటది నాయినా," అంది శోభారాణి.

ఆమె అరిచి ఉంటే బాగుండేది. అతను తిరిగి అరిచేవాడు, బతుకమ్మ ఏడ్చేది, సాయంత్రానికి ఏదో ఒకటి తేలేది.

ఆసుపత్రి పని గుంటూరులో ఎవరికో పోయింది. కంపెనీ వాళ్లు మర్యాదగానే చెప్పారు. ముక్కల పని కొన్నాళ్లు వచ్చి, అదీ తగ్గిపోయింది. ఆ వానాకాలంలోనే పుష్పకు అశ్వారావుపేటలో పెళ్లయింది. పామాయిల్ తోటల మధ్య ఆ ఇంట్లో కంప్యూటర్ లేదు. శోభారాణికి మండలాఫీసులో ఆపరేటర్ పని దొరికింది. ఎవరో రాసి ఇచ్చినవి కొట్టి ఇవ్వడమే. ముందుగదిలో తమ చేలో పండిన పత్తి బస్తాలు వేశారు.

మాడిన స్విచ్చును ముత్యాలు సంచిలో వేసుకుని ఖమ్మం వెళ్లాడు. ఓల్టేజి మాట ప్రేమ్‌సాగర్ నోట కూడా వినాలని కాబోలు. ప్రేమ్‌సాగర్ దాన్ని విప్పి చూసి, పెట్టె సంగతి విని, "అట్ల బిగించిన్రా పెద్దాయనా? ఊపిరాడొద్దా దానికి?" అన్నాడు. కూతురు మొదటినాడే చెప్పిన మాటే. కౌంటర్ అవతల నుంచి ఒక మగవాడు అంటే గానీ చెవికెక్కలేదు. చెవికెక్కాక దాన్ని ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు. ఇంటికొచ్చి ఎవరితోనూ అనలేదు. గోడ మీది పెట్టెను మాత్రం ఊడదీసి పాత ఇనుము వాడికి వేశాడు.

తండ్రి ప్రేమ కదా అంటారు తెలిసినవాళ్లు. ప్రేమ లేదని ఎవరన్నారు? ఉంది. పానా ఇంట్లో పెట్టి వెళ్లడం ఆ ప్రేమకు చేతకాలేదు, అంతే.

ఆ తర్వాత ముత్యాలులో ఒక మార్పు వచ్చింది. ప్రతిదీ కూతురిని అడగడం మొదలుపెట్టాడు. గోడలకు ఏ రంగు వేయిద్దాం, పత్తి ఇప్పుడే అమ్ముదామా ఆగుదామా, పగిడయ్య ఇంటికి పండక్కి ఏం పట్టుకుపోదాం. మరుసటి వేసవిలో ఒకరోజు ఆమె ఆఫీసుకు బయల్దేరుతుంటే గడపలో ఆపాడు.

"బిడ్డా, ఖమ్మం పోతున్న. కూలర్ తెద్దామనుకుంటున్న. ప్లాస్టిక్‌ది తేవాల్నా, రేకుది తేవాల్నా?"

"నీ ఇష్టం నాయినా."

"గట్ల కాదు. నీకు తెలుస్తది గదా. నువ్వు ఏది మంచిదంటే అదే తెస్త."

"ఏదైనా మంచిదే నాయినా. నీ ఇష్టం."

కోపంగా అనలేదు. మెత్తగానే అంది. చెప్పులు వేసుకుని, గొడుగు తెరిచి, మండలాఫీసు దారి పట్టింది. ముత్యాలు ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. ఖమ్మం బస్సు వచ్చి ఇంటి ముందే ఆగింది. అతను చెయ్యి ఊపి పొమ్మన్నాడు. ఆ వేసవంతా ఆ ఇంట్లో కూలర్ లేదు.